తడిమి చూసేవాడు

మా అమ్మమ్మకు చివరి ఆరేడేళ్లు చూపు లేదు. వంటింటి గడప నుంచి వసారా దాకా గోడ పట్టుకుని నడిచేది. ఎడమచేతి వేళ్లు గోడకు ఆనించి, కుడిచేయి కాస్త ముందుకు చాచి, ఒక్కో అడుగే వేసేది. ఆమె చేయి పోయే ఎత్తున సున్నం నునుపుదేలి బూడిదరంగు చారగా మారింది. ఏటా క్రిస్మస్‌కు ఇల్లంతా సున్నం వేయించినా, ఎండలు ముదిరే సరికి ఆ చార మళ్లీ తేలేది. సాయంత్రాలు ఆమెకు బైబిలు చదివి వినిపించడం నా పని. యెషయా గ్రంథం 59వ అధ్యాయంలో "గోడ కొరకు గ్రుడ్డివారివలె తడవులాడుచున్నాము" అనే మాట దగ్గరకు రాగానే చేయెత్తి ఆపేది. "మళ్లీ చదువు నాన్నా" అనేది. మళ్లీ చదివేవాడిని. ఇంకేమీ అనేది కాదు.

చాలా ఏళ్ల తరువాత సిరియాక్ అక్షరాలు నేర్చుకోవడం మొదలుపెట్టిన కొత్తలో, యెహోషువ గ్రంథం రెండో అధ్యాయం ముందు పెట్టుకుని కూడబలుక్కుంటూ చదువుతున్నాను. యెరికో పట్టణాన్ని చూసి రమ్మని ఇద్దరు వేగులవారిని రహస్యంగా పంపిన కథ. అక్కడ వేగులవారికి వాడిన మాట గాశోశే. ఒక్కడైతే గాశోశా. నిఘంటువులో ధాతువు వెతికాను. గ-శ-శ. చేత్తో తాకి చూడటం, తడమడం, తడిమి తెలుసుకోవడం అని అర్థాలు ఇచ్చాడు. యెషయా హీబ్రూ మూలంలో గోడ కోసం తడవులాడిన గుడ్డివారి క్రియ కూడా ఆ ధాతువు నుంచి వచ్చిందే. పుస్తకం మూసి చాలాసేపు అలాగే కూర్చుండిపోయాను. గూఢచారి అనే మాట అడుగున మా అమ్మమ్మ చేయి ఉంది.

సిరియాక్‌కు తల్లి అయిన అరామిక్ గురించి రెండు మాటలు చెప్పాలి. అస్సిరియా, బాబిలోను, పారసీక సామ్రాజ్యాలు ఒకదాని తరువాత ఒకటి తమ రాతకోతలకు వాడుకున్న భాష అది. యేసు ఇంట్లో మాట్లాడిన భాష అది. ఎదెస్సా నగరంలో, అంటే ఇప్పటి టర్కీలోని ఉర్ఫాలో, నిలదొక్కుకుని సాహిత్య భాషగా ఎదిగిన దాని శాఖే సిరియాక్. కేరళ సిరియన్ క్రైస్తవుల ఆరాధనలో ఆ భాష ఇప్పటికీ వినిపిస్తుంది. సిరియాక్ బైబిలును పెషిత్తా అంటారు. ఐగుప్తులో ధాన్యం కొనడానికి వచ్చిన అన్నలను యోసేపు "మీరు వేగులవారు" అని గద్దించే చోట కూడా పెషిత్తాలో గాశోశే అనే ఉంటుంది. యేసును మాటల్లో పట్టుకోవడానికి నీతిమంతుల వేషంలో మనుషులను పంపారని లూకా సువార్త చెప్పే చోటా అదే మాట. అరామిక్‌లోనే, యూదులు వాడుకున్న ఒంకెలోసు అనువాదం యోసేపు నోట మరో మాట పలికిస్తుంది: అలీలే. వెదకడం, ఆరా తీయడం అనే అర్థమున్న వేరే ధాతువు అది. అంటే ఒకే భాషలో, ఒకే వాక్యానికి, ఒకరు వెదికేవాడు అన్నారు, మరొకరు తడిమేవాడు అన్నారు.

ఈ తడిమేవాడే అరబీలో జాసూస్ అయ్యాడు. ఫారసీ, ఉర్దూల మీదుగా మన దాకా వచ్చాడు. హైదరాబాదులో పెరిగినవారికీ, హిందీ సినిమాలు చూసేవారికీ ఆ మాట కొత్త కాదు. దాని పుట్టుక గురించి మన దగ్గర దొరికే వివరణ మాత్రం సాధారణంగా ఒకే ముక్క: అరబీ పదం. అక్కడితో ఆపేయడం ఆ మాటకు అన్యాయం చేయడమేనని నా వాదన. ఏ ఊరి నుంచి వచ్చిందో చెబితే సరిపోదు, ఏ అవయవం నుంచి వచ్చిందో చూడాలి. వేగు చూసేవాడికి పేరు పెట్టేటప్పుడు ఒక్కో జాతి ఒక్కో అవయవాన్ని ఎంచుకుంది. ఆ ఎంపికలో, అతను తెచ్చే కబురును ఎంతవరకు నమ్మాలో వారు అనుకున్నదంతా దాగి ఉంది.

హీబ్రూవారు కాలును ఎంచుకున్నారు. రెగెల్ అంటే పాదం, దాని నుంచి మెరగ్గేల్, వేగువాడు. సంస్కృతం కూడా కాలినే పట్టుకుంది. చర అంటే నడవడం, చారుడు నడిచేవాడు, గూఢచారి గుట్టుగా నడిచేవాడు. నిజానికి కౌటిల్యుడి అర్థశాస్త్రం గూఢపురుషులను రెండు తెగలుగా విడదీస్తుంది. తిరిగేవారు నాలుగు రకాలైతే, ఒకచోట కూర్చుని పనిచేసేవారు ఐదు రకాలు: కపట విద్యార్థి, సన్యాసం విడిచినవాడు, గృహస్థు, వర్తకుడు, తపస్వి. దుకాణం పెట్టుకుని కూర్చున్న వర్తకుడు ఎక్కడికీ నడవడు. సమాచారమే అతని దగ్గరకు నడిచి వస్తుంది. కాలి పేరు ఆ ఐదుగురికీ అతకదు.

కన్నును ఎంచుకున్నవారు ఎక్కువమంది. ఋగ్వేదంలో వరుణుడి చుట్టూ స్పశులు కూర్చుని ఉంటారు. స్పశ అంటే చూసేవాడు, ఇంగ్లీషు స్పై కూడా ఆ మూలానికి చెందినదే. మాఘుడు శిశుపాలవధలో, గూఢచారులు లేని రాజనీతి పస్పశం లేని వ్యాకరణ శాస్త్రంలా శోభించదని శ్లేష కట్టాడు. పతంజలి రాసిన వ్యాకరణ గ్రంథం మహాభాష్యంలో మొదటి ఆహ్నికం, అంటే మొదటి భాగం, పేరు పస్పశ కాబట్టి ఆ చమత్కారం కుదిరింది. ఆ కావ్యానికి మన కొలాచలం మల్లినాథసూరి రాసిన వ్యాఖ్య పక్కన పెట్టుకుని చదివితే గానీ నాకు ఆ శ్లోకం లొంగలేదు. అరబీలో జాసూస్‌తో పాటు అయిన్ అనే మాట కూడా ఉంది, దానికి కన్ను అనే అర్థం. మన పత్రికలు రోజూ రాసే నిఘా కూడా ఫారసీ నిగాహ్, చూపు. ఇక ఆవులు వాసనతో చూస్తాయి, పండితులు వేదాలతో చూస్తారు, రాజులు చారులతో చూస్తారు, మిగిలినవారు కళ్లతో చూస్తారు అనే శ్లోకం మనలో చాలామందికి కంఠతా వచ్చు.

ఆ శ్లోకంతోనే నాకు పేచీ. రాజు చారులతో చూస్తాడు అన్నప్పుడు, చారుడు చెప్పినది రాజు స్వయంగా చూసినదానితో సమానం అయిపోతుంది. కంటికి మనం ఇచ్చే విలువ అలాంటిది. "కళ్లారా చూశాను" అంటే ఇక తర్కం లేదు. చెవితో విన్నదానికి ఆ గౌరవం లేదు. చేత్తో తడిమినదానికి అసలే లేదు. చీకట్లో తడిమినవాడు ఇది స్తంభమో మనిషో అని సందేహిస్తూనే చెబుతాడు. గూఢచారి పని సరిగ్గా అలాంటిది. పరాయి ఊరు, మూసిన తలుపులు, సగం విన్న మాటలు, వేషం వేసుకున్న తానూ, వేషం వేసుకున్న ఎదుటివాడూ. అందులో వెలుగు ఎక్కడిది? అతన్ని కన్ను అని పిలిచినవారు రాజును పొగిడారు. తడిమేవాడు అని పిలిచినవారు ఆ పని గురించి నిజం చెప్పారు.

బైబిలులోనే దీనికి సాక్ష్యం ఉంది. కనాను దేశాన్ని చూసి రమ్మని మోషే 12 మందిని పంపాడు. 40 రోజులు దేశమంతా తిరిగారు. ద్రాక్షగెల కోసి దండె మీద మోసుకొచ్చారు, దానిమ్మలు తెచ్చారు, అంజూరాలు తెచ్చారు. చూడవలసినదంతా పట్టపగలు చూశారు. తిరిగొచ్చి వారిలో పదిమంది చెప్పినదేమిటి? అక్కడివారు ఆజానుబాహులు, వారి ముందు మేము మిడతల్లా ఉన్నాం, వారి కంటికీ అలాగే ఉన్నాం. ఎదుటివాడి కంటికి తాము ఎలా కనిపించారో కూడా వీరే చెప్పేశారు. కళ్లారా చూసిన ఆ వేగు ఒక తరాన్ని ఎడారిపాలు చేసింది.

40 ఏళ్ల తరువాత యెరికోకు వెళ్లిన ఇద్దరి సంగతి వేరు. వారు ఊరిని చూసిందే లేదు. వెళ్లగానే రాజుకు తెలిసిపోయింది. రాహాబు అనే స్త్రీ వారిని మిద్దె మీద ఆరబెట్టిన జనుపకట్టెల కింద దాచింది. ఆ మోపుల కింద, చీకట్లో, ఊపిరి బిగబట్టి పడుకున్నవారికి కోట కొలతలేమి తెలుస్తాయి? సైనికుల లెక్కేమి తెలుస్తుంది? రాత్రి ఆమె పైకొచ్చి ఒక్క సంగతి చెప్పింది: మీ పేరు వింటేనే మా ఊరివారి గుండెలు కరిగిపోతున్నాయి. కిటికీలోంచి తాడు మీద దింపింది. వారు కొండల్లో మూడు రోజులు దాక్కుని తిరిగొచ్చి చెప్పినదీ ఆ ఒక్క సంగతే. వారు తెచ్చినది పట్టణం బొమ్మ కాదు, దాని నాడి.

నాడి అన్న మాట ఊరికే వాడలేదు. అరబీలో ఈ ధాతువుకు జస్స అనే క్రియ ఉంది. చేత్తో తాకి పరీక్షించడం దాని అర్థం. వైద్యుడు మణికట్టు పట్టుకుని నాడి చూడటాన్ని చెప్పడానికి నేటికీ అదే మాట వాడతారు. మనం ప్రజల నాడి పట్టుకున్నాడు అంటామే, అరబ్బు పత్రికలూ ఆ భావాన్ని ఆ క్రియతోనే రాస్తాయి. వైద్యుడి వేళ్లకు లోపల రక్తం కనపడదు. చర్మం మీది అదురును బట్టి లోపలి సంగతి ఊహిస్తాడు. మంచి వేగువాడు కూడా అంతే.

తడిమినది తప్పు కాదా అంటే, కావచ్చు. చూపు మందగించిన ఇస్సాకు కొడుకు చేతులు తడిమి చూసి మోసపోయాడు. ఒళ్లంతా రోమాలున్న అన్న ఏశావునని నమ్మించి దీవెన కొట్టేయడానికి యాకోబు చేతులకు మేకపిల్లల తోలు కట్టుకుని వచ్చాడు. "స్వరము యాకోబు స్వరముగాని చేతులు ఏశావు చేతులే" అని ఆ ముసలాయన పైకే అన్నాడు. చెవి ఒకటి చెబుతోంది, చేయి ఒకటి చెబుతోంది, సందేహం అతనికి ఉంది. ఉన్నా దీవించాడు. తప్పు అతని చేతిది కాదని నేను అంటాను. చేయి తనకు తగిలినదే చెప్పింది. సందేహాన్ని పక్కకు నెట్టిన నిర్ణయానిది తప్పు. ప్రపంచంలో వేగు చెడిపోయిన సందర్భాలు చాలావరకు ఇలాగే చెడిపోయాయి.

మళ్లీ అరామిక్ దగ్గరకు. ఆ భాషలో గూఢచారికి చెవి పేరు కూడా ఉంది, అది ఇంకా పాతది. ఈజిప్టు దక్షిణపు అంచున, అస్వాన్ దగ్గర, నైలు నదిలో ఎలిఫెంటైన్ అనే దీవి ఉంది. పారసీక సామ్రాజ్య కాలంలో అక్కడ కోట కాపలాకు యూదు సైనికుల కుటుంబాలు ఉండేవి. వారు అరామిక్‌లో రాసుకున్న పపైరస్ కాగితాలు ఆ పొడి ఇసుకలో నిలిచాయి. క్రీ.పూ. 410లో, దర్యావేషు రాజు 14వ ఏట జరిగిన ఘటన గురించి వారు రాసిన అర్జీ ఒకటి ఇప్పుడు ఫ్రాన్సులోని స్ట్రాస్‌బుర్గ్‌లో ఉంది. ఖ్నూము దేవుడి అర్చకులు స్థానిక అధికారితో కుమ్మక్కై రాజు ధాన్యాగారంలో కొంత భాగం పడగొట్టారనీ, కోట మధ్యలో గోడ కట్టారనీ, సైన్యం తాగే నీటి బావిని పూడ్చేశారనీ మొర. న్యాయాధికారులు, రక్షకాధికారులు, ఈ మండలంలో నియమించిన గౌశకులు వచ్చి విచారిస్తే మేము చెప్పినది నిజమని తేలుతుంది అని అందులో వేడుకున్నారు.

గౌశక పారసీకుల మాట. వారి పాత భాషలో గౌశ అంటే చెవి. గౌశకుడు వినేవాడు, రాజు చెవి. మన సంస్కృతంలోని ఘోష దానికి తోబుట్టువు. అక్కడ వినే అవయవమైంది, ఇక్కడ వినిపించే శబ్దమైంది. సముద్ర ఘోష అన్న ప్రతిసారీ పారసీక రాజు గూఢచారి బంధువును పలకరిస్తున్నామన్నమాట. గాశోశా, గౌశకా పక్కపక్కన పెడితే ఒకే తల్లి బిడ్డల్లా వినిపిస్తాయి గానీ, వాటికి ఏ చుట్టరికమూ లేదు. ఒకటి హీబ్రూ, అరామిక్, అరబీలు పుట్టిన సెమిటిక్ ఇంటి బిడ్డ, ఒకటి ఇరాన్ నుంచి వచ్చిన అతిథి. శబ్దం కలిసిందని వంశం కలపకూడదు. తెలుగులోనూ వేగు అంటే గూఢచర్యం, వార్త అనే అర్థాలున్నాయి, తెల్లవారడం అనే అర్థంతో వేగుచుక్కలోనూ ఒక వేగు ఉంది. రెండూ ఒకటేనని అల్లేయాలని మనసు లాగుతుంది, అంత అందంగా ఉంటుంది ఆ ఊహ. అందుకే అల్లను.

ఆ అర్జీలో నన్ను పట్టి ఆపేది ఇంకొకటుంది. బావి పూడిపోయిన మనుషులు గూఢచారులను పంపమని అడుగుతున్నారు. దగ్గరున్న అధికారి లంచం తిన్నప్పుడు, దూరాన ఉన్న రాజుకు చెవి ఉండటం వారికి ఆసరా. గూఢచారి అనగానే మనకు కలిగే జుగుప్స వారికి లేదు. ఇది చదివాక వేగు పనిని మొత్తంగా ఛీకొట్టడం నాకు సాధ్యపడలేదు. ఎవరి మీద, ఎవరి కోసం అన్న ప్రశ్న లేకుండా దాన్ని తూచలేం.

ఇక జాసూస్ అరబీదా, అరామిక్‌దా? పండితుల మధ్య ఉన్న ఈ లెక్క నాకు చాలా ఇష్టం. అరామిక్‌లో గ ఉన్నచోట అరబీలో జ వస్తుంది: ఒంటెకు అక్కడ గమ్లా, ఇక్కడ జమల్. అక్కడి శ చాలాచోట్ల ఇక్కడ స అవుతుంది: శ్లామా, సలాం. కాబట్టి గ-శ-శ, జ-స-స రెండు ఇళ్లలోనూ పుట్టుకతో ఉన్న ధాతువే కావచ్చు. ఎవరూ ఎవరి దగ్గరా అప్పు తీసుకోనక్కర్లేదు. అయితే మాట కట్టిన తీరు వేరే కథ చెబుతుంది. పని చేసేవాడిని చెప్పడానికి అరబీకి సొంత మూస ఉంది: కాతిబ్, ఆలిం, హాకిం. ఆ లెక్కన ఈ ధాతువుకు జాస్స్ అని రావాలి. జాసూస్‌లోని దీర్ఘాలు సిరియాక్ మూసవి: గాశోశా (తడిమేవాడు), పారోకా (రక్షకుడు). క్రైస్తవ మఠాల్లో ప్రార్థనకు పిలవడానికి కొట్టే చెక్కపలక సిరియాక్‌లో నాకోశా, అరబీలో నాకూస్. గాశోశా జాసూస్ అయిన దారిలోనే అదీ నడిచింది. ఆ నాకూసే ఉర్దూకు వచ్చేసరికి గుడిలో ఊదే శంఖమైంది. మాటలు ఎంత దూరం ప్రయాణిస్తాయో చూడండి.

నా లెక్కలో ధాతువు ఇంటిదే, తొడుగు పొరుగింటిది. మనకు ఇది కొత్త కాదు. గుత్త మన మాట, దారు ఫారసీ ప్రత్యయం, రెండూ కలిసి గుత్తేదారు. ఆ మాటను పరాయిదని ఎవరంటారు, అచ్చ తెలుగని ఎవరంటారు? తత్సమం, తద్భవం, దేశ్యం, అన్యదేశ్యం అని నాలుగు అరలు పెట్టుకున్నాం గానీ, బతికిన మాటలు రెండు అరల మధ్య కాళ్లు చాపుకుని కూర్చుంటాయి.

అరబీ ఇంట్లో ఈ ధాతువుకు ఒక వింత బిడ్డ కూడా ఉంది. పాలస్తీనా వైపు నుంచి వచ్చి, క్రైస్తవం విడిచి ఇస్లాం స్వీకరించిన తమీం దారీ చెప్పిన కథ హదీసుల్లో, అంటే ముహమ్మద్ ప్రవక్త మాటల సంకలనాల్లో, ఉంది. ఓడ నెలరోజులు అలల మీద కొట్టుకుపోయి ఒక దీవికి చేరింది. అక్కడ ఒళ్లంతా దట్టమైన వెంట్రుకలతో ఒక జంతువు ఎదురైంది. ఏది ముందో ఏది వెనకో తెలియలేదు. నీవెవరు అంటే, నేను జస్సాసా అంది. తడిమి కబుర్లు సేకరించేది అని ఆ పేరుకు అర్థం. మఠంలో గొలుసులతో కట్టేసి ఉన్న దజ్జాల్, అంటే లోకాంతంలో వస్తాడనే మహా వంచకుడి, దగ్గరకు వారిని పంపింది. బంధించిన వాడికి లోకం కబుర్లు చేరవేసే చేయి అది.

ఖురాను 49వ అధ్యాయం 12వ వాక్యం ఈ ధాతువును నిషేధంగా వాడుతుంది. అనుమానాలకు దూరంగా ఉండండి, ఒకరి గుట్టు ఒకరు తడమకండి, చాటున చెడు మాట్లాడకండి, చచ్చిన సోదరుడి మాంసం తినడం మీలో ఎవరికైనా ఇష్టమా అని అడుగుతుంది. అందులోని వరుస గమనించండి. ముందు మనసు అనుమానిస్తుంది, తరువాత చేయి తడుముతుంది, చివరికి నోరు తింటుంది. ఆ మధ్య మెట్టు తజస్సుస్. ఇదే ఖురానులో యోసేపు కథ వచ్చే 12వ అధ్యాయంలో, తప్పిపోయిన కొడుకు కోసం తండ్రి మిగిలిన కొడుకులతో, వెళ్లి యోసేపు ఆచూకీ తెలుసుకోండి అంటాడు. అక్కడి మాట తహస్సుస్. ఒక్క అక్షరం తేడా. మంచి కోరి వెదికితే తహస్సుస్, చెడు కోరి వెదికితే తజస్సుస్ అని పాత నిఘంటుకారులు భేదం చెప్పారు. బిడ్డ కోసం వెదికే తండ్రికీ, పొరుగువాడి తప్పు కోసం వెదికే వాడికీ మధ్య అక్షరమంత గోడ కట్టారు.

ఖలీఫా ఉమర్ గురించి ముస్లింలు చెప్పుకునే కథ ఉంది. మదీనాలో రాత్రి గస్తీ తిరుగుతూ ఒక ఇంట్లో పాట విని, గోడ దూకి లోపలికి వెళ్లాడు. ఆ ఇంటాయన ముందు మద్యం ఉంది. గద్దిస్తే ఆయన తొణకకుండా జవాబిచ్చాడు: నేను చేసిన తప్పు ఒకటి, నీవు చేసినవి మూడు. గుట్టు తడమవద్దని దేవుడన్నాడు, తడిమావు. ఇళ్లలోకి తలుపుల నుంచి రమ్మన్నాడు, గోడ దూకావు. సలాం చెప్పి అనుమతి అడగమన్నాడు, అడగలేదు. ఉమర్ వెనుదిరిగాడు. ఆయన బిరుదు ఫారూక్. అదీ సిరియాక్ పారోకా, రక్షకుడు, నుంచి వచ్చిందని కొందరు పండితులంటారు. నాకు ఆ ఇంట్లో ఆ రాత్రి ఒకే మూసలో పోసిన రెండు మాటలు ఎదురెదురుగా నిలబడినట్టు కనిపిస్తుంది: ఫారూక్, జాసూస్.

కన్ను పేరు కంటే చేయి పేరు మేలని నేను పట్టుబట్టడానికి రెండో కారణం ఇక్కడే ఉంది. చూపు దూరం నుంచి పడుతుంది. పడినవాడికి తెలియకపోవచ్చు, పడనిచ్చినవాడు "చూశాను, అంతే" అని తప్పించుకోవచ్చు. చేయి వేయాలంటే దగ్గరకు రావాలి. అనుమతి లేకుండా వేసిన చేయి ఎవరిదైనా తప్పే.

నేను హాస్టల్లో చదివిన రోజుల్లో ఇంటి నుంచి వచ్చే ఉత్తరాలు ముందు విప్పి చదివి, మళ్లీ అంటించి ఇచ్చేవారు. జిగురుకు బదులు అన్నం మెతుకులు వాడేవారు. కవరు అంచు మీద వేలు పోనిస్తే ఎండిన మెతుకు గట్టిగా తగిలేది. కంటికి ఏమీ తెలిసేది కాదు, అంత శుభ్రంగా అంటించేవారు. మా అమ్మ తన కాలి నొప్పి గురించి, అప్పు గురించి రాసిన ఉత్తరం మీద కూడా ఆ మెతుకు తగిలింది. ఒకసారి ధైర్యం చేసి అడిగితే "చూశాం, అంతే కదా, నీ మంచికే" అన్నారు. వారు చూడలేదు. మా అమ్మ గుట్టు మీద చేయి వేశారు. అప్పట్లో ఆ తేడా చెప్పడానికి నా దగ్గర మాట లేదు. యోసేపు తన అన్నల మీద మోపిన నేరం హీబ్రూలో "దేశపు నగ్నత్వాన్ని చూడవచ్చారు" అని ఉంటుంది. తెలుగు బైబిలు దాన్ని గుట్టు అంది. తెలుగు చేసినవారికి ఆ ఒక్క మాటకు దండం పెడతాను.

ఇప్పుడు ఫోనులో భార్య సందేశాలు చదివే భర్తా, పిల్లల డైరీలు తిరగేసే తల్లిదండ్రులూ, పౌరుల మాటలు మూటగట్టే ప్రభుత్వాలూ అందరూ కంటి భాషే మాట్లాడతారు. పర్యవేక్షణ, నిఘా, పరిశీలన. అన్నీ చూపులే. ఆ మాటలు పలికినంతసేపూ ఎవరినీ ఎవరూ తాకనట్టే ఉంటుంది. తెలుగులో తడమడం అనే మాట ఉంది కదా, దాన్ని ఇక్కడ వాడి చూడండి. "నా ఫోను చూశాడు" అనడానికీ "నా ఫోను తడిమాడు" అనడానికీ ఎంత దూరమో వెంటనే తెలుస్తుంది.

జాసూస్ మన దేశానికి వచ్చాక నేరస్థులను పట్టుకునే కథానాయకుడయ్యాడు. 1900లో గోపాలరాం గహమరీ హిందీలో జాసూస్ పేరుతోనే మాసపత్రిక పెట్టాడు. బెంగాలీలు అదే పాత్రకు గోయెందా అనే మరో ఫారసీ మాట తీసుకున్నారు, చెప్పేవాడు అని దాని అర్థం, నోటి పేరు. తెలుగు ముక్కును నమ్మింది: పసిగట్టడంలోని పసి వాసనే. హీబ్రూ మాత్రం ఈ కాలంలో పాత ధాతువును తిరిగి చేతిలోకి తీసుకుంది. సరిహద్దు కంచె పక్కన చదును చేసిన మట్టి మీద అడుగుజాడలు చదివే సైనికుడిని అక్కడ గశాశ్ అంటారు. ఆ పనిలో ఎడారి అరబ్బు తెగలవారైన బెదూయిన్లు ఎక్కువ.

ఈ మాటల వెంట తిరుగుతూ కిందటేడు కర్నూలు జిల్లా ఎర్రగుడికి వెళ్లాను. గుత్తి నుంచి పత్తికొండ పోయే దారిలో, గుండ్లు పేర్చినట్టున్న కొండ మీద అశోకుడి శాసనాలున్నాయి. ఒక శాసనంలో వరుసలు కొంతవరకు ఎద్దు మడి దున్నినట్టు అటొకటి ఇటొకటిగా నడుస్తాయి. కాందహారులో అరామిక్‌లో శాసనం చెక్కించిన రాజే ఇక్కడ ప్రాకృతంలో చెక్కించాడు. ఆరో శాసనంలో, నేను భోజనం చేస్తున్నా, అంతఃపురంలో ఉన్నా, తోటలో ఉన్నా, ప్రజల పని ఏదైనా పటివేదకులు ఏ వేళనైనా వచ్చి నాకు చెప్పాలి అంటాడు. పటివేదకుడు అంటే తెలియజేసేవాడు. వెతికి పట్టేవాడని కాక, తెచ్చి చెప్పేవాడని పేరు.

నేను చేరేసరికి మధ్యాహ్నం ఒంటిగంట. ఎండ నిట్టనిలువుగా పడుతోంది. బండ తెల్లగా మెరుస్తోంది గానీ ఒక్క అక్షరం నిలవడం లేదు. ఆ మాట ఉండవలసిన చోటు వెతుక్కుంటూ, గాడి తగులుతుందేమోనని వేలు చాచాను. "చేయి పెట్టకండి సార్, అరిగిపోతాయి" అన్నాడు కాపలా మనిషి వెనక నుంచి. చేయి తీసేశాను. ఇద్దరం నీడలో కూర్చున్నాం. నీళ్ల సీసా ఇటు జరిపాడు. నాలుగు దాటాక ఎండ పక్కకు ఒరిగింది, గాడుల్లో సన్నగా నీడలు పడ్డాయి. లేచి దగ్గరకు వెళ్లి, చేతులు వెనక్కి కట్టుకుని, ప, టి, వే అని ఒక్కో అక్షరమే చదువుకున్నాను.